అడవి అంచున అమావాస్య రాత్రి: మన పిల్లల కోసం ఒక ప్రతిపాదన

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలుస్తారు. మేమూ వచ్చి ఫీజులు, స్కాలర్‌షిప్పులు, ఉర్దూ మాధ్యమం పిల్లల మార్కులు, ఇవే చెప్పి దిగిపోతుంటాము. ఈసారి మా మాట వేరు. దీన్ని ఉపన్యాసం అనుకోకండి, ఒక అర్జీ అనుకోండి. మా బడిలోని పెద్ద తరగతుల పిల్లలను, ఆడపిల్లలనూ మగపిల్లలనూ, ఒక శని ఆదివారాలు భద్రాచలం వైపు అడవి అంచుకు తీసుకుపోయి, అమావాస్య చీకట్లో ఆకాశం చూపించి, వాళ్ల చేతులతోనే నక్షత్రాల ఫోటోలు తీయించాలని మేము కొందరు ఉపాధ్యాయులం తలపెట్టాము. దానికి మీ అనుమతి కావాలి, మీ తోడు కూడా కావాలి. ఏం చేస్తాము, ఎట్లా చేస్తాము, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది దాచకుండా చెబుతాము. విన్న తరువాత నిర్ణయం మీదే.

ముందుగా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి గదా.

మన ఇళ్లలో సురయ్యా అన్న పేరు ఎందరికో ఉంది. ఈ సభలోనే ఒకసారి ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురైనా పలుకుతారు. సురయ్యా అంటే ఆకాశంలో చిన్న గుంపుగా మెరిసే నక్షత్రాలు. మన పక్కింటివారు వాటినే కృత్తికలు అంటారు. పల్లెల్లో రైతులు పిల్లలకోడి అంటారు, కోడి చుట్టూ పిల్లలు చేరినట్టు ఉంటుంది గనుక. మా తరగతుల్లో అడిగి చూశాము. పేరు తెలియని పిల్ల లేదు, ఆ నక్షత్రాలను కంటితో చూసినవారు మాత్రం బహు తక్కువ. పాలపుంత అయితే పాఠ్యపుస్తకంలో బొమ్మ, అంతే. వీధి దీపాల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు ఆకాశం ఎక్కడ కనబడుతుంది చెప్పండి?

ఇంకో సంగతి. మా పిల్లలు ఇంగ్లీషు పుస్తకంలో నక్షత్రాల పేర్లు చూసి ఇవేవో దొరల పేర్లు అనుకుంటారు. రైగెల్ అన్నది అరబ్బీలో రిజ్ల్, అంటే కాలు. డెనెబ్ అంటే తోక. ఆల్టేర్ అంటే ఎగిరేది. అల్దెబరాన్ అంటే వెంట నడిచేది. దేని వెంట? సురయ్యా వెంటనే! తూరుపున సురయ్యా లేచిన కొద్దిసేపటికి ఆ ఎర్రని చుక్క దాని వెనకాలే లేస్తుంది. పేరులోనే పాఠం ఉంది. మా పిల్లలకు ఈ పేర్లు పరాయివి కావు, చూపించేవారు లేకపోవటమే లోటు.

ఇట్లాంటి పని మన నేలమీద కొత్తది కాదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి 15 అంగుళాల పెద్ద దుర్భిణి తెప్పించి 1901లో వేధశాలకు పునాది వేశాడు. ఆయన పోయిన తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే నిజామియా వేధశాల. తరువాత బేగంపేటకు మారింది. ప్రపంచంలోని వేధశాలలన్నీ ఆకాశాన్ని వాటాలు వేసుకుని, ముక్క ముక్కగా ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే మహాకార్యం ఒకటి ఆ కాలంలో నడిచింది. అందులో ఒక వాటా మన హైదరాబాదుకు వచ్చింది. 8 అంగుళాల ఫోటో దుర్భిణితో, గాజు పలకల మీద, ఒక్కో పలకకు ఆకాశంలో సుమారు 2 డిగ్రీల చదరం చొప్పున రాత్రుల తరబడి ఫోటోలు తీశారు. పగలు కూర్చుని ఆ చుక్కల స్థానాలు కొలిచి రాశారు. అట్లా లక్షల నక్షత్రాల లెక్క తేలింది. 1919లో ఆ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఉస్మానియా 1918లో స్థాపించబడినప్పుడు అక్కడి బోధనాభాష ఏమిటో మీకు తెలుసు: ఉర్దూ. ఉర్దూ మాధ్యమం అనగానే మొహం చిన్నబుచ్చుకునే మా పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, నిటారుగా కూర్చుంటారు.

అయితే ఆ కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి, బేగంపేట ఆకాశం వెలిసిపోయింది. చివరికి 48 అంగుళాల కొత్త దుర్భిణిని నగరానికి దూరంగా, జాపాల రంగాపూర్ అనే పల్లెల దగ్గర పెట్టవలసి వచ్చింది. అది 1968 నాటి మాట. దుర్భిణిని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. చీకటిని కొనలేము, చీకటి ఉన్నచోటికి పోవలసిందే. మన అదృష్టం ఏమంటే, ఆ చీకటి మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే, బస్సెక్కితే మూడు గంటల దూరంలో ఇంకా మిగిలి ఉంది. ఈ సంపద మనకు ఉందని మనకే తెలియదు.

ఇక కెమెరా ఎందుకు, కంటితో చూస్తే చాలదా అంటారు. చూడాలి, ముందు కంటితోనే చూడాలి. కాని మన కన్ను వెలుతురును కూడబెట్టుకోదు, ఎప్పటికప్పుడు చూసి వదిలేస్తుంది. కెమెరా తెరిచి ఉంచినంతసేపూ వచ్చిన వెలుతురునంతా పోగుచేస్తుంది. వానాకాలం చూరు కింద పెట్టిన బిందె మాదిరి అన్నమాట. పడేది ఒక్కొక్క చుక్కే, తెల్లారేసరికి బిందె నిండుతుంది. వేటగాడు అనే నక్షత్ర మండలం ఉంది, అరబ్బులు అల్‌జబ్బార్ అన్నారు, ఇంగ్లీషులో ఓరియన్. అతని నడుము పట్టీలో మూడు చుక్కలు వరుసగా ఉంటాయి. వాటి కింద పొగలాంటి చిన్న మచ్చ కంటికి కనబడుతుంది. అది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయుమేఘం, దానిలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. కంటికి బూడిద రంగు మచ్చ, కెమెరాకు గులాబీ రంగు పువ్వు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. భూమి తిరుగుతూనే ఉంటుంది. 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు, అంటే గంటకు 15 డిగ్రీలు. కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలై పోతాయి. దానికి ఫోటోగ్రాఫర్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగించాలి. 50 మిల్లీమీటర్ల లెన్సు అయితే 10 సెకన్లు వచ్చింది. మన వాళ్ల దగ్గర ఉండే మామూలు డిజిటల్ కెమెరాల్లో లోపలి సెన్సారు చిన్నది గనుక దాన్ని మళ్లీ ఒకటిన్నరతో భాగించాలి. 6 సెకన్లు అనుకోండి. 6 సెకన్లలో బిందె నిండుతుందా? నిండదు. అందుకని అదే ఫోటోను 300 సార్లు తీస్తాము. 300 ఆరులు 1,800 సెకన్లు, అంటే అరగంట వెలుతురు. తరువాత కంప్యూటర్లో వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చితే నక్షత్రాలు నిలబడతాయి, గింజగింజగా ఉండే మచ్చలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 100 ఫోటోలు పేర్చితే బొమ్మ 10 రెట్లు తేటపడుతుంది, 400 పేర్చితే 20 రెట్లు. ఇది వర్గమూలం లెక్క. తొమ్మిదో తరగతిలో వర్గమూలం ఎందుకు సార్ అని అడిగే పిల్లవాడికి ఇంతకన్నా మంచి జవాబు మాకు దొరకలేదు.

ఈ పేర్చే పనికి సిరిల్, డీప్‌స్కైస్టాకర్ అని రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఏ రాత్రి ఏ చుక్క ఎక్కడ ఉంటుందో ముందుగా చూసుకోవటానికి స్టెల్లేరియం ఉంది, అదీ ఉచితమే. బడి కంప్యూటర్లలో వేసుకుంటాము.

మరి కెమెరాలు? కొనవద్దు. మన సమాజంలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే తమ్ముళ్లు ఎందరున్నారు! వాళ్ల సంచుల్లో మంచి కెమెరాలు, 50 మిల్లీమీటర్ల లెన్సులు, గట్టి స్టాండ్లు ఉన్నాయి. పుష్యమాసంలో ఇరుగుపొరుగు వారికి ముహూర్తాలు ఉండవు గనుక ఆ సామాను చాలావరకు ఖాళీగా ఉంటుంది. అది సరిగ్గా మనకు ఆకాశం తేటగా ఉండే కాలం. ఇంతకు మించిన కలిసివచ్చే కాలం ఏముంటుంది? కెమెరాతో పాటు ఆ తమ్ముళ్లు కూడా వస్తే పిల్లలకు ఉస్తాదులు దొరికినట్టే.

కాలం గురించి వివరంగా చెబుతాము. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. మార్చి వచ్చేసరికి ఎండాకుల పొగ, దుమ్ము, ఆ పైన మన కొత్తగూడెం ఎండల సంగతి చెప్పనక్కరలేదు. డిసెంబరు, జనవరి నెలలే మేలు. రాత్రి పొడుగు, గాలి తేట. గోదావరి ఒడ్డున మాత్రం మంచు పడుతుంది, లెన్సు మసకబారుతుంది. కాబట్టి నదికి మరీ దగ్గరగా కూర్చోము. లెన్సు తొడుగు వాడతాము, మధ్యమధ్య చూసుకుంటాము.

తేదీ ఎంచుకోవటం మన ఇళ్లలో అందరికీ వచ్చిన విద్యే. చంద్రుడు ఉంటే ఆకాశం తెల్లబడుతుంది, సన్నని వెలుగులు మాయమవుతాయి. మన నెలలో 27వ తేదీ నుంచి మరుసటి నెల 3వ తేదీ దాకా మంచి రాత్రులు. నెలవంక కనబడిన రాత్రి అది త్వరగానే అస్తమిస్తుంది. ఆ తరువాత చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా దిగుతాడు. డిసెంబరు జనవరిలో ఏ రెండో శనివారం ఈ తేదీల మధ్య పడుతుందో ఆ శనివారం మనది.

పూర్తి చీకటి ఎప్పుడు పడుతుందో కూడా మసీదు గోడ మీది పట్టిక చెబుతుంది. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి పోతే ఆకాశంలో చివరి వెలుగు పోయినట్టు అని ఖగోళ శాస్త్రం లెక్క. చాలా నమాజు పట్టికల్లో ఇషా మొదలు, ఫజ్ర్ మొదలు కూడా ఇదే 18 డిగ్రీల మీద కట్టినవి. ఇషా మొదలైన దగ్గరి నుంచి ఫజ్ర్ మొదలయ్యేదాకా నక్షత్రాల కాలం. జనవరి నడుమ మన ప్రాంతంలో అది రాత్రి సుమారు 7 గంటల 10 నిమిషాల నుంచి తెల్లవారి 5 గంటల 20 నిమిషాల దాకా, అంటే 10 గంటలు.

ఇక స్థలం. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. దారిలో కొత్తగూడెం, పాల్వంచ థర్మల్ కేంద్రం, అటు మణుగూరు గనులు, ఇటు సారపాక కాగితం మిల్లు, భద్రాచలం పట్టణం, అన్నింటి వెలుగూ ఆకాశానికి ఎక్కుతుంది. ఆ వెలుగు మీద మాకు ఫిర్యాదు లేదు, ఈ సభలో సగం ఇళ్ల అన్నం అక్కడి నుంచే వస్తుంది. వాటికి పదిహేను ఇరవై కిలోమీటర్లు పక్కకు జరగటమే మన పని. పాల్వంచ నుంచి ములకలపల్లి వైపు, లేదా భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు ఒక ఊరు చూసుకోవాలని అనుకుంటున్నాము. కిన్నెరసాని అభయారణ్యంలోకి పోము. అక్కడ రాత్రి ఉండటం అటవీశాఖ అనుమతి లేకుండా కుదరని పని, మన అవసరానికి అంత లోపలికి పోనక్కరలేదు. ఒక మాట గుర్తుంచుకోవాలి. 2014 తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, పక్కనే ఉన్న ఏటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. తెలియక గీత దాటితే ఒకచోట తీసుకున్న అనుమతి ఇంకోచోట చెల్లదు.

మాకు కావలసింది ఊరి చివర బడి, దాని పక్కన కోత అయిపోయిన పొలం గాని చెరువు కట్ట గాని. బడి గదుల్లో పడక, పొలంలో పని. ఉత్తరం, దక్షిణం రెండు దిక్కులూ తెరిపిగా ఉండాలి. ఉత్తరం ఎందుకంటే ధ్రువ నక్షత్రం మన దగ్గర చాలా కిందికి ఉంటుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువ నక్షత్రం ఎత్తు అంత. భద్రాచలం దగ్గర పదిహేడున్నర డిగ్రీలు. చేయి చాచి వేళ్లు విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు సుమారు 20 డిగ్రీలు, అంటే నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. నాలుగు టేకు చెట్లు అడ్డం వస్తే కనబడదు. మొదటిసారికి అది లేకపోయినా పని నడుస్తుంది. కాని ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే మోటారు యంత్రం రేపు కొంటే, దాన్ని ఆ నక్షత్రానికే సరిచూసి పెట్టాలి. అందుకే ఇప్పటి నుంచే దిక్కు తెలిసి ఉండాలి.

దక్షిణం మనకు అల్లా ఇచ్చిన వాటా. తెల్లవారుజామున ఆ దిక్కున నేలకు 25 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారీ అనే మహా నక్షత్ర గుచ్ఛం కనబడుతుంది, లక్షల నక్షత్రాల ముద్ద. లండనులో ఉన్నవాడికి అది ఏనాడూ ఉదయించదు. ములకలపల్లిలో పొలం గట్టు మీద నిలబడ్డ పిల్లకు కనబడుతుంది.

ఆ రాత్రి వరుస ఇట్లా ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి చేరుకుంటాము. పగటి వెలుతురులోనే పొలమంతా నడిచి గుంటలు, ముళ్లు, పుట్టలు చూసుకుంటాము. దిక్సూచితో ఉత్తరం గుర్తు పెట్టి, స్టాండ్లు నిలబెట్టి, ఒక్కో స్టాండు చుట్టూ సున్నం గీత గీస్తాము. చీకట్లో ఎవరూ తన్నుకోకూడదు. సంజెవేళ మొదటి పెద్ద చుక్క కనబడగానే ఫోకసు సరిచేసి, రింగు కదలకుండా టేపు అంటిస్తాము. ఈ పని ఒక్కటి తప్పితే 300 ఫోటోలూ వృథా. టార్చిలకు ఎర్ర కాగితం చుడతాము. కన్ను చీకటికి అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, తెల్ల వెలుగు ఒక్క క్షణం పడితే మళ్లీ మొదటికే వస్తుంది. సింగరేణిలో రాత్రి షిఫ్టు చేసినవారికి ఈ సంగతి మేము చెప్పాలా! సెల్‌ఫోన్లు సంచిలోనే ఉంటాయి.

మొదటి అరగంట కెమెరా ముట్టము. కంటితో సురయ్యాలో ఎన్ని చుక్కలు ఉన్నాయో ప్రతి పిల్లా లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయాలి. మామూలు కంటికి మంచి చీకట్లో ఆరు, ఏడు అందుతాయి. ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలిచే మొదటి పరికరం అదే. తరువాత ఏడున్నర నుంచి తొమ్మిది దాకా సురయ్యా ఫోటోలు, అప్పుడది దాదాపు నడినెత్తిన ఉంటుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా వేటగాడి మేఘం. పది నిమిషాలకొకసారి కెమెరాను మళ్లీ గురి చూసుకోవాలి, ఆకాశం జరిగిపోతుంది గదా. ఒక రాత్రికి ఈ రెండే చాలు. పదింటి వెంట పరిగెత్తితే ఒక్కటీ మిగలదు. చివరన లెన్సుకు మూత పెట్టి అదే 6 సెకన్లతో ఇరవై ముప్పై ఫోటోలు తీస్తాము. కెమెరా లోపలి మచ్చలను కంప్యూటరు వాటితో పోల్చి తీసేస్తుంది. పదకొండున్నరకు అందరూ పడక. నాలుగున్నరకు లేపి దక్షిణపు చుక్కలు చూపిస్తాము. సెహరీకి లేచే అలవాటున్న ఇళ్ల పిల్లలకు అదేం కష్టం కాదు. ఆ తరువాత ఫజ్ర్, చాయ్, ఆదివారం తిరుగు ప్రయాణం.

దీనికి ముందు, ఖమ్మంలోనే ఒక సాయంత్రం బడి డాబా మీద అంతా ఒకసారి చేసి చూస్తాము. బ్యాటరీలు, కార్డులు, టైమరు, ఫోకసు అన్నీ అక్కడే చేతికి అలవాటు కావాలి. అడవి చీకట్లో కెమెరా బటన్లు వెతుక్కోవటం కుదరదు.

ఇక భయాల సంగతి. అడవి అంచు అంటే నిజంగానే జాగ్రత్త కావాలి, నవ్వి తీసేయకూడదు. ఎలుగుబంట్లు ఉన్న ప్రాంతం. మార్చి ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో అవి చెట్ల కిందికి వస్తాయి, మేము ఆ నెలల్లో పోవటం లేదు. ఎవరూ ఒంటరిగా పొలం దాటిపోరు, ఇద్దరిద్దరు జతలు. అందరికీ బూట్లు, నేల మీద పడక లేదు, దోమతెరలు తప్పనిసరి. ఏజెన్సీ జ్వరాల సంగతి మనకు తెలియంది కాదు. మంట వేయము, ఎండాకు అంటుకుంటే అడవికి నష్టం, పొగతో మన ఆకాశానికి నష్టం. అటవీశాఖ రేంజి అధికారికి, పోలీసు స్టేషనుకు ముందే కాగితం రాసి, పిల్లల పేర్ల జాబితా ఇచ్చి, అనుమతి చేతికి వచ్చాకే బస్సు మాట్లాడతాము. బండి రాత్రంతా అక్కడే ఉంటుంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి దారి డ్రైవరుకు పగలే చూపిస్తాము.

ఆ ఊరు కోయవారిది అయితే ఊరి పెద్దలను, సర్పంచును అడిగి, వాళ్లు సరే అంటేనే. మనం వాళ్ల ఇంటికి చుట్టాలుగా పోతున్నాము. వాళ్ల పిల్లలనూ పిలుస్తాము, మన కెమెరాలో వాళ్లూ చూస్తారు. ఆకాశం వాళ్లకు రోజూ కనబడేదే గనుక చుక్కల పేర్లు వాళ్ల భాషలో ఏమిటో మన పిల్లలు అడిగి రాసుకుంటారు. ఎవరు ఎవరికి నేర్పుతారో చూద్దాం!

ఇప్పుడు అన్నింటికన్నా బరువైన మాట. ఒక తల్లి మమ్మల్ని నిలదీసి అడిగింది: "మాస్టర్ సాబ్, రాత్రిపూట అడవిలో ఆడపిల్లకు ఏం చదువు?" ఆమె అడిగినదానిలో తప్పు లేదు. కన్నతల్లికి ఆ హక్కు ఉంది. మా జవాబు ఇది. నక్షత్రాల చదువు రాత్రిపూటే దొరుకుతుంది, పగలు దొరికితే పగలే చెప్పేవాళ్లం. సుమారు 964వ సంవత్సరంలో ఇస్ఫహాన్‌లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన నక్షత్ర గ్రంథంలో ఆకాశంలో ఒక చిన్న మేఘం ఉందని రాసి పెట్టాడు. అది ఏమిటో దాదాపు వెయ్యేళ్లు ఎవరికీ తేలలేదు. అమెరికాలో హార్వర్డు వేధశాలలో గాజు పలకల మీది చుక్కలు కొలిచే ఉద్యోగంలో చేరిన స్త్రీలు ఉండేవారు. వారిలో ఒకరు, హెన్రియెట్టా లీవిట్, ఒక రకం నక్షత్రాలతో దూరాలు కొలిచే సూత్రం 1912లో ప్రకటించింది. ఆ సూత్రంతోనే ఎడ్విన్ హబుల్ 1920లలో సూఫీ చూసిన ఆ చిన్న మేఘం మన పాలపుంతకు బయట ఉన్న వేరే మహా నక్షత్ర సమూహమని తేల్చాడు. దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఆ స్త్రీకి పలకలు ఇవ్వకపోయి ఉంటే ఆ మేఘం ఇంకెన్నాళ్లు మేఘంగానే ఉండేదో!

అందుచేత మేము ఒక నిర్ణయానికి వచ్చాము. మగపిల్లలతో మాత్రమే అయితే ఈ కార్యక్రమం మేము చేయము. ఆడపిల్లలు వస్తారు, వారి వెంట ఉపాధ్యాయినులు వస్తారు, రాగలిగిన తల్లులు, ఖాలాలు, నానీలు అందరూ వస్తారు. ఆడవారికి వేరే గదులు, వేరే కెమెరా జట్టు, పొలంలో వేరే చోటు. మీరు వచ్చి మీ బిడ్డ పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చోండి. ఆమె కెమెరా తెరిచి ఆరు సెకన్లు లెక్కపెడుతుంటే మీరు తస్బీహ్ లెక్కపెట్టుకోండి. మాకు ఏ అభ్యంతరమూ లేదు. సురయ్యా అని పేరు పెట్టిన మనమే సురయ్యాను చూడనీయకపోతే ఎట్లా?

ఫలితం గురించి అబద్ధపు ఆశలు పెట్టము. పత్రికల్లో వచ్చే అంతరిక్ష దుర్భిణుల బొమ్మల మాదిరి మన ఫోటో రాదు. చుక్కలు సూదిమొనల్లా పదునుగా ఉండి, సురయ్యా గుంపు నీలంగా, వేటగాడి మేఘం గులాబీగా కనబడితే మొదటిసారికి అది పండుగే. మబ్బు పడితే అదీ రాదు. అప్పుడు పిల్లలకు కథలు చెప్పి వచ్చే నెలకు మళ్లీ తేదీ చూస్తాము.

చివరగా పెద్దల దృష్టికి ఒకటి. లడఖ్‌లో హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశానికి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవికి 2024 జనవరిలో మన దేశంలోనే మొదటి చీకటి ఆకాశ ఉద్యానమని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అదీ మన అడవి లాంటి టేకు అడవే. మనం అంత దూరం ఆలోచించనక్కరలేదు. మన ఫంక్షన్ హాలు మీద, మన వీధుల్లో దీపాలు ఆకాశం వైపు కాకుండా నేల వైపు చూసేటట్టు రేకు మూతలు పెట్టిస్తే చాలు. నేల మీద పడిన వెలుగు మనకు, పైకి పోయిన వెలుగు కరెంటు బిల్లుకు!

మేము అడిగేవి నాలుగే. సంఘం తరఫున బస్సు ఖర్చు, అన్నం ఖర్చు భరించండి. ఫోటోగ్రాఫర్ తమ్ముళ్లు కెమెరాలతో రండి. తల్లులు పిల్లలతో పాటు రండి. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఒక పుట ఖాళీగా ఉంచండి. పిల్లలు తీసిన ఫోటో, దాని కింద తీసిన పిల్ల పేరు అక్కడ అచ్చు వేద్దాం.

 పేర్లు ఇవ్వదలచిన తల్లిదండ్రులు సభ ముగిశాక మమ్మల్ని కలవండి, నోటుపుస్తకం తెచ్చుకున్నాము.